విలాస నౌక అన్నారురా నీ పడవని

ఒరేయ్ ఖాసిం,

బాగున్నావా అని రాయబోయి ఆగాను. నువ్వు పోయాక రెండు రంజాన్‌లు దాటాయి. ఇన్నాళ్ళూ నీకు రాయలేదు. రాయడానికి ఏమీ లేక కాదు. నీ పడవ సంగతి తేలకుండా ఏమని రాయను? రాస్తే నువ్వు మొదట అడిగేది దాని గురించే గదా... మా గురించి కాదు.

తేలింది. నింపాదిగా చెబుతాను. మధ్యలో నాకు కోపం వస్తే నువ్వే సర్దుకో. ‘నీకు కోపం రాకపోతే జెరం వచ్చినట్టురా కోటేశూ, డాక్టరు దగ్గరికి పోవాల’ అనేవాడివి. ఆరోగ్యం బాగానే ఉంది.

ముందు ఈ ఒక్క మాట విను. నీ పడవని మన ఊళ్ళో ఏమన్నారో తెలుసా? విలాస నౌక!

నవ్వుతున్నావా? నవ్వు. నేను మాత్రం నవ్వలేకపోయాను.

నువ్వు సెలవుకని వచ్చి, గురజాలలో మీ నాన్న ఆయిల్ ఇంజన్ల షెడ్డు ముందు కుర్చీలో కూర్చున్నవాడివి కూర్చున్నట్టే ఒరిగిపోయావు. నరసరావుపేట తీసుకెళ్తుంటే దారిలోనే... సరే, అది నీకు చెప్పేదేముంది. మనిషివి ఇక్కడ పోయావు. పడవ అక్కడ మిగిలింది. మలేషియాలో, లంకావీ దీవి పక్కన, మడచెట్ల పాయలో, లంగరు మీద.

నీ చాలీస్వా, నలభయ్యో రోజు ఫాతెహా, అయిన కొద్ది రోజులకు నా ఫోనుకు ఒక మెసేజి వచ్చింది. పడవ రిజిస్ట్రేషన్ చూసే ఏజెంటు దగ్గర నుంచి. అత్యవసరమైతే ఎవరికి చెప్పాలి అన్న చోట నా పేరు రాశావు గదా. ఎందుకురా అంటే, ‘నువ్వయితే ఇంగ్లీషులో కూడా తిట్టగలవు, అందుకని’ అన్నావు ఆ రోజు. తిట్టే పని చానా పడింది.

వాళ్ళు చెప్పింది ఇది. పడవకు ఒక దేశం జెండా ఉండాలి. ఆ జెండా ఒక మనిషి పేరు మీద ఉండాలి. చనిపోయిన మనిషి పేరు మీద అది నడవదు. గడువు లోపల వారసుల పేరుకు మార్చుకోవాలి, లేదా అమ్మేయాలి. రెండూ కాకపోతే రిజిస్టరులో కొట్టేస్తారు. కొట్టేస్తే అది ఏ దేశానిదీ కాదు. ఏ దేశానిదీ కాని పడవని లంకావీలో ఉంచుకోరు. ఒడ్డుకి లాగి విరగ్గొట్టేస్తారు.

విరగ్గొడతారు... ఆ ముక్క చదివాక ఇక ఆ రోజు ఏమీ రాయలేకపోయాను.

జెండా అంటే గుర్తొచ్చింది. పెద్ద పెద్ద ఓడల కంపెనీలు పన్నులకీ కూలి చట్టాలకీ దొరక్కుండా ముక్కూ మొహం తెలియని దేశాల జెండాలు ఎగరేస్తాయని నేనొక వ్యాసం రాశాను. నీకు పంపాను. నువ్వు ఫోను చేసి ఏమన్నావు? ‘బాగా ఉతికావురా. ఒక సంగతి చెప్తా, తిట్టబాకు. మన పడవది కూడా అదే రకం జెండా.’ పసిఫిక్ సముద్రంలో ఎక్కడో ఉన్న చిన్న దీవుల దేశం. నువ్వు చూడలేదు, పడవా చూడలేదు. వెనక చెక్క మీద పడవ పేరు, దాని కింద ఆ దీవుల రేవు పేరు.

నేను ఊరుకుంటానా? గంటసేపు పోట్లాడాను. మన దేశం జెండా ఎందుకు పెట్టవన్నాను. నువ్వు ఓపిగ్గా చెప్పావు. ‘దాన్ని మన రేవుకు తేవాల. తెస్తే దిగుమతి సుంకం కట్టాల. తనిఖీ అంటారు, ఆ ఆఫీసు అంటారు, ఈ ఆఫీసు అంటారు. నా పడవ ముసిల్దయిపోద్దిరా ఆ లైన్లో నిలబడి. వీళ్ళు చూడు, ఇంటర్నెట్టులో ఇచ్చారు. దొంగోడికి తలుపు తీసి పెట్టారు, నేనూ అందులోంచే దూరా. ఇంకో తలుపు ఉంటే చూపీ, అట్నుంచి వస్తా.’

చూపించలేకపోయాను. ఇప్పటికీ చూపించలేను. నా వ్యాసంలో మాత్రం ఒక్క అక్షరం మార్చను.

సరే, విలాస నౌక సంగతికి వస్తాను.

పడవ మీ ఆవిడ నూర్జహాన్ పేరుకు మారాలంటే వారసుల ధ్రువపత్రం కావాలి. మీ అమ్మా నాన్నా ముందే పోయారు, పిల్లల్లేరు గనక నూర్జహానూ మీ అక్కా వారసులు. మీ అక్క పిడుగురాళ్ళ నుంచి బస్సులో వచ్చి, ‘వాడి ఆటబొమ్మ నాకెందుకు, దానికే ఇయ్యండి’ అని వేలిముద్ర వేసి, టీ కూడా తాగకుండా పోయింది. బస్టాండులో కూర్చుని ఏడ్చిందని తర్వాత తెలిసింది. ఆ తర్వాత, అభ్యంతరాలుంటే చెప్పమని తెలుగు పేపర్లో ప్రకటన వేయించమన్నారు. కోర్టు దగ్గర దస్తావేజులు రాసే ఆయన దగ్గరికి వెళ్ళాను. పడవ పత్రం మీద ఇంగ్లీషులో ‘ప్లెజర్ యాట్’ అని ఉంది. ఆయన కళ్ళజోడు పైకీ కిందకీ జరిపి, ఆలోచించి, చక్కని దస్తూరితో రాశాడు: ‘విలాస నౌక’.

నేను సరిచూడకుండా ఇచ్చేశానా? లేదు, చూశాను. ఇదేందండీ అన్నాను. ‘ప్లెజర్ అంటే విలాసమే గదండీ, యాట్ అంటే మరి పడవ అని ఎట్టా రాస్తాం, కోర్టు కాయితం గదా, గౌరవంగా ఉండొద్దూ’ అన్నాడు. ఆ ‘గౌరవం’ దగ్గర ఆయన్ను కదిలించడం నా వల్ల కాలేదు.

పేపర్లో పడింది. గురజాల వాస్తవ్యులు మర్హూం షేక్ ఖాసిం గారికి చెందిన, విదేశీ జలాలలో ఉన్న విలాస నౌక ‘నాగులేరు’... సంప్రదించవలసిన వారు, కింద నా పేరు.

ఇక చూడు! పొద్దున టీ కొట్టు దగ్గరికి పోతే, ‘ఏం కామ్రేడూ, హెలికాప్టరు దిగుద్దా దాని మీద?’ అని ఒకడు. ‘అందులో ఈతకొలనుంటదంట గదా పెదనాన్నా’ అని ఒకడు. నేను ముప్పయ్యేళ్ళు ఎవరెవర్ని తిట్టానో వాళ్ళంతా ఫోన్లు చేసి పరామర్శించారు. ‘మాలో కలిశారన్న మాట’ అన్నాడు ఒక గ్రానైటు షావుకారు, ఎంత ప్రేమగానో. మా పార్టీ వాళ్ళు ఇంకా నయం... మీటింగులో వివరణ అడిగారు! పడవ కొలతలు చెప్పాను. ఆర్టీసీ బస్సు కంటే చిన్నది, మధ్యలో ఒక కొయ్య, కొయ్యకు తెరచాప, లోపల వంగి నడవాలి, ఇద్దరు పడుకుంటే మూడోవాడు నిలబడాలి అన్నాను. ‘మరి విలాస నౌక అని ఎందుకేశారు?’ అన్నారు.

ఎందుకేశారు? అదే నేనూ ఆలోచించాను.

నువ్వొకసారి వీడియో కాల్లో మెరీనా, అదే సొంత పడవలు కట్టేసుకునే రేవు, చూపించావు. తెల్లగా మెరుస్తూ నాలుగంతస్తుల ఓడ. ‘అటు చూడరా. దాని ఓనరు ఎవరో కాయితాల్లో ఉండడు. ఓ కంపెనీ ఉంటది. ఆ కంపెనీ ఆయనదే. ఆ కంపెనీ ఆయనకే దాన్ని కిరాయికి ఇచ్చిద్ది. అంచేత అది యాపారపు ఓడ. ఇదిగో, ఇది మనది. దీనికి కంపెనీ లేదు, కిరాయి లేదు. అంచేత ఇది ప్లెజర్ అంట. ప్లెజర్! బోల్టులు బిగించి బిగించి నడుం పట్టేసింది ఇక్కడ.’

అప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం. ఇప్పుడు నవ్వు రావడం లేదు. దస్తావేజులాయన తప్పు రాయలేదు ఖాసిం. చట్టం ఏం చెబుతుందో అదే రాశాడు. సంపాదించేది ఏదైనా పని. సంపాదించనిది ఏదైనా విలాసం. నాలుగంతస్తుల మీద తాగి తందనాలాడితే అది వ్యాపారం. ఒక మెకానిక్కు తన ఆదివారాన్ని తను తీసుకుని, తన చేత్తో బాగుచేసుకున్న పడవలో కూర్చుంటే అది విలాసం. పేదవాడి ఆకలికి పథకాలున్నాయి, ఉపన్యాసాలున్నాయి, నా వ్యాసాలూ ఉన్నాయి. వాడి సరదాకి? ఒక్క మాట ఉందా మన దగ్గర? ఇన్నేళ్ళు కూలి గురించి రాశాను, పని గంటల గురించి రాశాను. పని అయిపోయాక మనిషి ఏం చేసుకోవాలనుకుంటాడో మేమెవరమైనా అడిగామా?

ఇదంతా రాసి పత్రికకు పంపుదామనుకున్నాను. కానీ ముందు పడవ సంగతి తేల్చాలి గదా.

నేను అమ్మేద్దామన్నాను. దాచను. కొనడానికి మనిషి కూడా దొరికాడు. ఆ దీవిలోనే టూరిస్టులను తిప్పే ఆయన. ఏజెంటు మంచి బేరమన్నాడు. నేను నూర్జహాన్ దగ్గరికి వెళ్ళి బుద్ధిగా చెప్పాను. చెల్లెమ్మా, పడవ అక్కడ, నువ్విక్కడ. నీళ్ళలో ఉన్నది ఊరికే ఉండదు. అడుగున నాచు పడుతుంది, గుల్లలు పడతాయి, బ్యాటరీ చచ్చిపోతుంది, తాళ్ళు ఎండకు పొడి అవుతాయి. ఎవరు చూస్తారు? ఎవరు తోలుతారు?

ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ అంతా వింది. ‘నేను దాన్ని చూళ్ళేదు గదన్నయ్యా’ అంది.

చూసి ఏం చేస్తావమ్మా అన్నాను.

‘ఇరవయ్యేళ్ళు ఆయన నాకాడ ఏడాదికి నెల ఉన్నాడు. మిగతాదంతా ఎవరికాడ ఉన్నాడో చూడొద్దా?’

పాస్‌పోర్టులు తీశాం.

విమానంలో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. నేను భయపడ్డాను, ఆమె భయపడలేదు. లంకావీలో నువ్వు పనిచేసిన పడవల యార్డుకి వెళ్ళాం. నువ్వు ఫోన్లో ‘మా చాచా, మా చాచా’ అని చెప్పే మలయ్ పెద్దాయన ఎదురొచ్చాడు. నీ పేరు చెప్పి గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. ఆయనకు తెలుగు రాదు, నూర్జహాన్‌కు మలయ్ రాదు. సలాములు చెప్పుకున్నారు, ఇద్దరూ నీ కోసం ఫాతెహా చదివారు. ఆ భాష ఇద్దరికీ వచ్చు. నేనే... పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను.

రెండు వానాకాలాలు ఆయనే చూశాడురా నీ పడవని. ఎవరూ చెప్పకుండా. అడుగున చేరిన నీళ్ళు తోడేవాడట. లంగరు తాడు అరిగితే మార్చాడట. ఆ దేశంలో ఉన్నందుకు మర్యాదగా కట్టాల్సిన మలేషియా జెండా చిరిగిపోతే కొత్తది కట్టాడట.

నాగులేరు! వెనక చెక్క మీద ఇంగ్లీషు అక్షరాల్లో అదే పేరు. దాచేపల్లి పక్కన వేసవి వస్తే గేదెలు మునగడానికి కూడా నీళ్ళుండని మన నాగులేరు, సముద్రం మీద! ఆ పేరు చూసి తెల్లవాళ్ళు ఇది ఫ్రెంచి మాటా అని అడిగారని చెప్పావు. ‘అవునని చెప్పా. మాచర్ల ఫ్రాన్స్‌లోనే ఉందని చెప్పా. పోతే పోయిందిలే, వాళ్ళు వచ్చి చూస్తారా ఏంది?’

నీకు ఆ పడవని ఇచ్చిన డచ్ ముసలాయన ఫోటో లోపల ఇంకా అంటించే ఉంది. చేతులు వణికి తెరచాప లాగలేక, ‘నువ్వయితే దీన్ని చావనియ్యవు’ అని రాసిచ్చి వెళ్ళిపోయాడు గదా. పొయ్యి పక్కన నీ గిన్నె. నీ లుంగీ, మడిచి. నూర్జహాన్ ఆ లుంగీ తీసి వాసన చూసి, మళ్ళీ అక్కడే పెట్టింది. డీజిలు వాసన అంది.

చాచా ఇంజను వేసి పాయలోంచి బయటికి తీసుకెళ్ళాడు. డగడగడగ... మన షెడ్డులో ఉన్నట్టే ఉంది. నాకు అదే అదను అనిపించింది. ఇంజను చప్పుడు మీదుగా అరుస్తూ మళ్ళీ మొదలుపెట్టాను. చూశావు గదమ్మా, ఇక నిర్ణయం తీసుకోవాలి, గడువు దగ్గరపడింది, ఆ టూరిస్టుల ఆయన...

చాచా తెరచాప ఎత్తాడు. ఇంజను ఆపాడు.

నేను ఇంకా అరుస్తూనే ఉన్నాను. నా గొంతు నాకే వికారంగా వినబడింది.

‘అన్నయ్యా... కాసేపు ఊరుకో’ అంది.

ఊరుకున్నాను. పడవ ఒక పక్కకి ఒరిగింది. వెళ్తోంది. దేనితో వెళ్తోందో తెలియడం లేదు. చెక్క కింద నీళ్ళు గుసగుసమంటూ జారుతున్నాయి. అంతే.

అప్పుడు తట్టింది నాకు. మనం హైస్కూల్లో ఉండగా కృష్ణ మీద బల్లకట్టు ఆగిపోయిన రోజు. అవతలి ఒడ్డున ఎవరిదో ఇంజను బాగుచెయ్యాలని మీ నాన్న మస్తాన్ బాబాయ్ మనిద్దర్నీ వెంటబెట్టుకెళ్ళాడు. నడి ఏట్లో బల్లకట్టు ఇంజను టక్కున ఆగింది. మిరపకాయల టిక్కీ బస్తాలు, ఎడ్లు, ఒక పెళ్ళి బృందం... అందరూ గోల. ఆడవాళ్ళు శోకాలు. మీ నాన్న ఆ ఇంజన్ని దాని అమ్మానాయనలతో సహా తిడుతున్నాడు. నువ్వు మాత్రం అంచున నిలబడి నా చొక్కా గుంజావు. ‘ఒరేయ్, వినబడిందా?’ ఏందిరా అన్నాను. ‘నీళ్ళు.’

షెడ్డు వెనక ఇంట్లో పుట్టినవాడివి. పొద్దున లేస్తే ఇంజను, పడుకోబోతే ఇంజను. ఇంజను ఆగితే ఏం వినబడుతుందో అప్పుడే మొదటిసారి విన్నావు. మీ నాన్న దాన్ని మళ్ళీ స్టార్టు చేశాడు. అందరూ ఆయన్ని దేవుడన్నారు. నీ మొహం ఒక్కటే మాడిపోయింది.

ఆ తర్వాత నువ్వూ మెకానిక్కువే అయ్యావు. దాచేపల్లి సిమెంటు లారీలు, తర్వాత గల్ఫు, తర్వాత ఆ దీవి. ఎక్కడికెళ్ళినా చెవుల్లో అదే మోత. ఆ మోత మధ్యలో నువ్వు ఒక పడవ కోసం ఎందుకంత పడిచచ్చావో నాకు ఎప్పుడూ చెప్పలేదు. లేకపోతే చెప్పావా... నేను మాట్లాడుతూ ఉండి వినలేదా?

ఒడ్డుకు వచ్చాక నూర్జహాన్ ఒకటే అడిగింది. ‘ఆ కొనే ఆయన టికెట్టు పెట్టి జనాన్ని ఎక్కిస్తాడా?’ అవునన్నాను. అప్పుడు అది వ్యాపారపు పడవగా రిజిస్టరు అవుతుందనీ, పెద్ద ఇంజను పెడతాడనీ, పాటల పెట్టె పెడతాడనీ కూడా చెప్పాను. అమ్మమని చెప్పడానికి వెళ్ళినవాణ్ణి ఇవన్నీ ఎందుకు చెప్పానో తెలియదు.

‘అయితే వద్దు. ఆయన ఎవర్నీ టికెట్టు అడగలా. నేనూ అడగను. ఉండనీ, అట్టాగే ఉండనీ.’

ఏజెంటు ఫోన్లో వివరాలు అడిగాడు. పేరు, ఊరు చెప్పాను. వృత్తి? గృహిణి అని చెప్పబోయాను. నూర్జహాన్ నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. ‘ఓనరు అని రాయమను.’ అది వృత్తి కాదమ్మా అన్నాను. ‘నాకు తెలుసులే, రాయమను.’ ఏజెంటు నవ్వాడు, రాశాడు. ఇల్లు ఇంకా మీ నాన్న పేరు మీదే, షెడ్డు నీ పేరు మీద, రేషను కార్డులో ఆమె నీ కింద. ఖాసిం... మీ ఆవిడకు సొంతంగా ఏదన్నా ఉండటం ఇదే మొదలు. అదీ సముద్రం మీద.

పత్రం పోయిన వారం వచ్చింది. నూర్జహాన్ బేగం, ఓనరు, గురజాల. కింద అదే దొంగ జెండా. నేను దాన్ని ఇంకా తిడుతూనే ఉన్నాను, ఆమె ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచింది. వ్యాసం మాత్రం పంపలేదు. టీ కొట్టు దగ్గర మళ్ళీ ఎవడో అడిగితే, అవునురా, విలాస నౌకే, మా ఖాసింది, ఇప్పుడు వాళ్ళావిడది అన్నాను.

చాచా చెప్పాడు, ఏడాదికోసారి పడవని ఒడ్డుకి లాగి అడుగు గీకి రంగు వేయాలట. నువ్వు ఒక్కడివే వేసుకునేవాడివట. ఈసారి ఆమె వేస్తానంది. ‘నువ్వు కూడా రా అన్నయ్యా, గీకేదానికి మనిషి కావాల’ అంది. వెళ్తాం. గీకుతాను. నా చేతులు బొబ్బలెక్కితే నువ్వు నవ్వుకో.

తర్వాత పాయ దాటి బయటికి వెళ్తాం. ఆమెకి చుక్కాని పట్టుకోవడం చాచా నేర్పుతానన్నాడు. ఇంజను ఆపాక, నీకు మాటిస్తున్నానురా, ఆ పూటంతా నేను ఒక్క మాట కూడా మాట్లాడను.

నీ
కోటేశు